యాంకర్ ఎక్కడ ఊ కొట్టలేదు: ఒక టాక్ షో ఇంటర్వ్యూ మీద ప్రాజెక్టు డైరీ

ప్రశ్న

సెలబ్రిటీ ఇంటర్వ్యూ వచ్చిందంటే మర్నాడు అందరూ మాట్లాడుకునేది స్టార్ ఏం చెప్పారన్న దాని గురించే. ఎదురు కుర్చీలో ఉన్న మనిషిని ఎవరూ పట్టించుకోరు. కానీ కథ చెప్పేవాళ్లకి ఊ కొట్టేవాళ్లు ఉండాలని మనకి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఊ కొట్టడం ఆగితే కథ కూడా ఆగుతుంది, లేదా దారి మారుతుంది. టాక్ షోలో ఆ ఊ కొట్టే పని యాంకర్‌ది. ఆయన ఎక్కడ కొట్టాడు, ఎక్కడ కొట్టలేదు, దానివల్ల గెస్ట్ మాట ఎటు తిరిగింది? ఈ ప్రాజెక్టులో నేను తేల్చుకోవాలనుకుంటున్నది ఇంతే.

ఎంచుకున్నది ఒక పూర్తి ఎపిసోడ్. గెస్ట్ ఒక సీనియర్ నటి, యాంకర్ ఆమె కంటే బాగా చిన్నవాడు. ఎదురుగా ఆడియన్స్ ఉన్నారు. షో పేరు, మనుషుల పేర్లు ఇక్కడ రాయను. ఒకరు 0.9 సెకన్లు ఆగారని రాస్తే, చదివేవాళ్లు ఆ మనిషి మీద కథలు అల్లుకుంటారు. నాకు కావలసింది మాటల నడక, మనిషి గుట్టు కాదు. అందుకే రాతప్రతిలో (మాటల్ని విన్నట్టే రాసిన ట్రాన్స్‌క్రిప్ట్‌లో) గెస్ట్‌కి "గె", యాంకర్‌కి "యా" అనే గుర్తులే పెట్టాను.

రాతప్రతి

మొదట ఆటోమేటిక్‌గా మాటని అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్‌తో ఒక ప్రతి తీశాను. చదువుకోవడానికి హాయిగానే ఉంది. నా పనికి మాత్రం పనికిరాదు. నేను వెతుకుతున్నవన్నీ చెత్త కింద లెక్కేసి ఊడ్చేసింది. "ఊ"లు లేవు. ఒకే మాట రెండుసార్లు అన్నచోట ఒక్కసారే ఉంది. సాగదీసిన "అంటే" మామూలు "అంటే" అయిపోయింది. చప్పట్లు మోగుతున్నచోట అయితే ఎవరూ అనని వాక్యం ఒకటి పుట్టుకొచ్చింది. ఏ నిమిషంలో ఏ విషయం వస్తుందో చూసుకోవడానికి ఆ ప్రతిని పక్కన ఉంచుకుని, అసలు రాత చేత్తోనే మొదలుపెట్టాను.

గుర్తుల కోసం గెయిల్ జెఫర్సన్ పద్ధతి తీసుకున్నాను. సంభాషణ విశ్లేషణ అనే ఈ శాస్త్రం 1960లలో హార్వీ శాక్స్‌తో మొదలైంది. లాస్ ఏంజెలెస్‌లో ఆత్మహత్యల నివారణ కేంద్రానికి వచ్చిన ఫోన్ కాల్స్ రికార్డింగులు విని, ఇంత మామూలు మాటల్లో కూడా ఇంత క్రమం ఉందా అని ఆయన గుర్తించాడు. ఆ క్రమాన్ని కాగితం మీదికి తేవడానికి జెఫర్సన్ తయారుచేసిన గుర్తుల్నే ఈరోజుకీ వాడుతున్నారు. బ్రాకెట్‌లో అంకె ఉంటే అన్ని సెకన్ల మౌనం. రెండు చుక్కలు ఉంటే ఆ అక్షరాన్ని సాగదీశారని. రెండు చిన్న సున్నాల మధ్య ఉన్నది గొంతు తగ్గించి అన్నమాట. చదరపు బ్రాకెట్ దగ్గర ఇద్దరి మాటలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ముందు చుక్క పెట్టిన "హ్" అంటే ఊపిరి లోపలికి తీసుకోవడం.

ఈ గుర్తులు తెలుగు లిపిలో బాగానే ఒదిగాయి. అసలు కష్టం వర్ణక్రమంతో వచ్చింది. చెవికి "చేస్కున్నా" అని వినపడుతుంది, చెయ్యి "చేసుకున్నాను" అని రాయబోతుంది. చదువుకున్న చెయ్యి పుస్తకం భాష వైపు లాగుతూనే ఉంటుంది. ప్రతి వరుసనీ మళ్లీ విని, విన్నది విన్నట్టే ఉంచాను. ఇక "ఊ" ఒక్కటి కాదు. గొంతు కిందికి దిగే "ఊ" ఉంది. కొసన పైకి లేచే "ఊ?" ఉంది. నోరు మూసుకునే అనే "మ్మ్" ఉంది. ముక్కుతో పలికే "ఆఁ" ఉంది. పాఠ్యపుస్తకాలు వదిలేసిన అరసున్న ఇక్కడ నాకు చాలా అక్కరకొచ్చింది.

ఎలాన్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్కరికి ఒక్కో వరుస పెట్టాను. దీన్ని నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ మనోభాషాశాస్త్ర సంస్థ తయారుచేసి ఉచితంగా ఇస్తోంది. వీడియోలో ఏ క్షణానికి ఏ మాటో మిల్లీసెకన్ల స్థాయిలో కట్టేయొచ్చు. గెస్ట్ వరుస, యాంకర్ వరుస, ఆడియన్స్ వరుస పెట్టాక, కెమెరా షాట్ల కోసం ఇంకో వరుస కూడా పెట్టాను. ఆ నాలుగోది లేకపోతే ఈ ప్రాజెక్టే లేదు.

కత్తెర

టీవీలో మనం చూసే మౌనం నిజంగా స్టూడియోలో ఉన్న మౌనమేనా? ఎడిటర్ కత్తిరించి ఉండొచ్చు, సాగదీసి ఉండొచ్చు. వేరే చోట తీసిన యాంకర్ ముఖం ఇక్కడ అతికించి ఉండొచ్చు. గెస్ట్ మాట్లాడుతుండగా తెర మీద యాంకర్ తల ఊపుతున్నాడంటే, ఆ తల ఆ మాటకే ఊపాడన్న గ్యారంటీ లేదు.

అందుకని ఒక నియమం పెట్టుకున్నాను. ప్రశ్న కొస, మౌనం, జవాబు మొదలు, ఈ మూడూ ఒకే షాట్‌లో కట్ లేకుండా ఉంటేనే ఆ మౌనాన్ని కొలవాలి. ఇద్దరూ ఫ్రేమ్‌లో ఉంటే ఇంకా మంచిది. షాట్ మారినా శబ్దం ఆగకుండా సాగినట్టు కనిపిస్తే "అనుమానం" అని గుర్తు పెట్టి పక్కన ఉంచాలి. మిగతావి లెక్కలోకి రావు.

శబ్దం ఆగకుండా సాగిందో లేదో తేల్చడానికి ప్రాట్ వాడుతున్నాను. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బోర్స్మా, డేవిడ్ వీనింక్ రాసిన ఉచిత ప్రోగ్రామ్ ఇది. శబ్దాన్ని బొమ్మగా చూపించే స్పెక్ట్రోగ్రామ్ తెరిచి పెద్దది చేసి చూస్తే, ఎవరూ మాట్లాడనప్పుడు కూడా స్టూడియోకి ఒక సన్నటి హోరు ఉంటుంది. ఏసీ, లైట్లు, కదిలే జనం, అన్నీ కలిసిన బూడిదరంగు పొర అది. కత్తెర పడ్డచోట ఆ పొర ఒక్కసారిగా ముదురుతుంది, లేదా పలచబడుతుంది. నవ్వు సగంలో తెగి ఉంటే నిటారుగా గోడ కట్టినట్టు గీత కనిపిస్తుంది. ఆడియన్స్ నవ్వు సహజంగా అయితే కొద్దికొద్దిగా అణుగుతుంది. గోడలా నిలబడ్డ నవ్వు కనిపిస్తే అక్కడ ఎడిటర్ చెయ్యి పడిందని అనుమానించాలి.

స్వరస్థాయి (పిచ్) కొలిచేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. ఆడగొంతుకి కింది హద్దు 100 హెర్ట్జ్, పై హద్దు 500 హెర్ట్జ్ దగ్గర పెట్టాను. కింద సంగీతం మోగుతున్నచోట స్వరస్థాయి గీతని నమ్మకూడదు. అది గొంతుని వదిలేసి వాయిద్యాన్ని పట్టుకుంటుంది. ఈ ఎపిసోడ్‌లో సెంటిమెంట్ సీన్ అనిపించే ప్రతిచోటా వయొలిన్లు పెట్టారు. నాకు గొంతు బాగా అవసరమైన చోట్లే అవి!

ఈ వడపోతలో ఎపిసోడ్‌లోని ప్రశ్న-జవాబుల్లో చాలా భాగం పోయింది. మిగిలినవి తక్కువే, అయినా గట్టివి. వెయ్యి అనుమానపు మౌనాల సగటు కంటే, కట్ లేని పది మౌనాల్ని ఒక్కొక్కటిగా చూడటం మేలని నా అభిప్రాయం.

వాక్యం కొస తెలిసేదెలా

1974లో శాక్స్, షెగ్లాఫ్, జెఫర్సన్ కలిసి రాసిన వ్యాసం ఈ రంగానికి పునాది. ఒకరి మాట ముగియబోయే చోటుని వినేవాళ్లు ముందే ఊహించగలరు, అందుకే మాట్లాడే వంతులు అంత నున్నగా మారతాయి అని అందులో చూపించారు. 2009లో తాన్యా స్టివర్స్ బృందం పది భాషల్లో అవును-కాదు ప్రశ్నలకి జవాబులు ఎంతసేపట్లో వస్తాయో కొలిచింది. ఎక్కువగా వచ్చేది 0 నుంచి 200 మిల్లీసెకన్ల లోపు. జపనీస్‌లో సగటు 7, డేనిష్‌లో 469. కాదనే జవాబులు అవుననే జవాబుల కంటే ఆలస్యంగా వచ్చాయి. ఒక బొమ్మ చూపించి పేరు చెప్పమంటేనే నోటి నుంచి మాట రావడానికి సుమారు 600 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే అవతలివాళ్లు మాట్లాడుతుండగానే మనం జవాబు సిద్ధం చేసేసుకుంటున్నాం.

ఆ పదింటిలో తెలుగు లేదు. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి, వినేవాడికి ముగింపు ఎలా అందుతుందో ఈ క్లిప్‌లోనే వెతికాను. గెస్ట్ చెప్పిన ఒక కథలో ఇలా ఉంది:

గె: స్క్రిప్ట్ విని, (0.3) ఇంటికొచ్చి, (0.4) నాన్నగారికి చెప్పి, (0.7) ఆయన సరే అన్నాక సంతకం పెట్టాను అన్నమాట.
యా: వా::వ్

"చెప్పి" తర్వాత 0.7 సెకన్ల మౌనం ఉంది. ఇంగ్లీషు సంభాషణల్లో సుమారు ఒక సెకను దాటితే ఎవరో ఒకరు మౌనాన్ని తెంచుతారని జెఫర్సన్ 1989లో రాసింది. ఆ లెక్కన చూస్తే 0.7 తక్కువేం కాదు. అయినా యాంకర్ కదల్లేదు, ప్రశ్న వేయలేదు. ఎందుకంటే "విని, వచ్చి, చెప్పి" అని క్త్వార్థకాలు (ఇంకా పని మిగిలి ఉందని చెప్పే క్రియారూపాలు) గొలుసుగా వస్తున్నంతసేపూ వాక్యం ముగియదని తెలుగు వినేవాళ్లందరికీ తెలుసు. ఆ ఇకారం పట్టుకుని గెస్ట్ ఎంతసేపు ఆగినా వంతు ఆమెదే. "పెట్టాను" అన్నాక క్రియ పూర్తయింది, "అన్నమాట" అన్నాక కథే పూర్తయింది. "వావ్" అక్కడే పడింది, 0.1 సెకను కూడా గడవకుండా.

కాబట్టి తెలుగు ఇంటర్వ్యూలో మౌనాన్ని కొలిచేటప్పుడు అది ఎంత పొడుగుందో ఒక్కటే చూస్తే చాలదు. ఏ రూపం తర్వాత వచ్చిందో కూడా ప్రతి మౌనం పక్కనా రాయాలి. సమాపక క్రియ ("పెట్టాను" లాగా వాక్యాన్ని ముగించే క్రియ) తర్వాతి 0.4, క్త్వార్థకం తర్వాతి 0.7 కంటే బరువైనది. ఎలాన్‌లో దీనికి ఇంకో వరుస చేర్చాను.

పొగడ్త

ఇది త్వరగా తేలిపోయింది. షో మొదట్లో యాంకర్ "అసలు ఏం మారలేదు మేడమ్ మీరు" అంటాడు. పొగడ్త విన్నవాళ్లు ఇరకాటంలో పడతారని అనీటా పొమెరాంట్జ్ 1978లో చూపించింది. ఒప్పుకుంటే సొంత డబ్బా అవుతుంది, కాదంటే ఎదుటివాళ్ల మాట కొట్టేసినట్టవుతుంది. గెస్ట్ ఆ రెండూ చేయలేదు. "అయ్యో, అదంతా మీ లైటింగ్" అని పొగడ్తని లైట్ల వాళ్ల వైపు తోసేసింది. ఆడియన్స్ నవ్వారు. పొగడ్తని ఇంకొకరికి అప్పగించడం పొమెరాంట్జ్ చెప్పిన మార్గాల్లో ఒకటి. టాక్ షోలో దానికి అదనంగా చప్పట్లు కూడా దొరుకుతాయి. ఇంతకంటే దీని మీద ఆగను.

అసలు చోటు

ఈ ప్రాజెక్టు కోసం నేను వెతికింది ఈ చోటునే. ఒక సినిమా సగంలో ఆగిపోవడం గురించి యాంకర్ అడుగుతున్నాడు. ఇద్దరూ ఒకే ఫ్రేమ్‌లో ఉన్నారు, కట్ లేదు, కింద సంగీతం ఇంకా మొదలవలేదు.

యా: మరి అది ఆగిపోయింది అన్నప్పుడు (0.2) ఎలా అనిపించిందక్కా
(0.9)
గె: .హ్ అంటే::: (0.4) బాధ ఉంటుంది కదా. (0.3) ఏ పనైనా అంతే.
(1.2)
గె: ఆరోజు మేకప్ కూడా వేస్కుని కూచున్నా:, (0.5) కార్లో,
యా: °ఊ°
గె: ఎవరూ ఫోన్ చెయ్యలా.
(0.8)
గె: °అమ్మకి చెప్పలేదు ఇప్పటికీ.°

ముందు పిలుపు చూడండి. అప్పటిదాకా "మేడమ్" అన్న యాంకర్ ఇక్కడ "అక్కా" అన్నాడు. అడిగేవాడి స్థానం మారింది. షో తరఫున ప్రశ్న వేసే మనిషి కాస్తా ఇంట్లో తమ్ముడిలా అడిగే మనిషి అయ్యాడు. మాట్లాడేటప్పుడు మనిషి తన నిలబడే చోటు ఇలా మార్చుకోవడం గురించి ఎర్వింగ్ గాఫ్‌మన్ వివరంగా రాశాడు. ఇక్కడ ఒక్క పిలుపుతో అది జరిగిపోయింది.

తర్వాత 0.9 సెకన్ల మౌనం, ఊపిరి తీసుకోవడం, సాగదీసిన "అంటే". జవాబు సాఫీగా రావడం లేదని మూడు గుర్తులు వరుసగా వచ్చాయి. వచ్చిన జవాబు కూడా ఆమె సొంతది కాదు. "బాధ ఉంటుంది" అంది, "బాధపడ్డాను" అనలేదు. "ఏ పనైనా అంతే" అని లోకనీతి చెప్పి తలుపు వేసేసింది. వ్యాకరణం ప్రకారం వాక్యం పూర్తయింది. ప్రాట్‌లో చూస్తే "అంతే" దగ్గర స్వరం ఆ ముక్క మొత్తంలోకీ కిందికి దిగింది. వంతు యాంకర్‌కి వచ్చేసింది. మామూలుగా అయితే ఇక్కడ "నిజమే అక్కా" అనో, "మరి తర్వాత సినిమా?" అనో రావాలి.

యాంకర్ ఏమీ అనలేదు. 1.2 సెకన్లు. వీడియోని నెమ్మదిగా తిప్పి చూశాను. తల ఊపలేదు, చేతిలోని కార్డు వైపు చూడలేదు, నవ్వలేదు. కళ్లు ఆమె మీదే ఉన్నాయి.

తనకి వచ్చిన వంతుని అతను తీసుకోలేదు కాబట్టి అది తిరిగి ఆమె దగ్గరికే వెళ్లింది. ఈసారి వచ్చిన మాటలు వేరు. "ఏ పనైనా" అనే లోకం పోయి "ఆరోజు" వచ్చింది. మేకప్ వచ్చింది, కారు వచ్చింది. "కార్లో" దగ్గర మాట సగంలో ఉంది, స్వరం పైనే నిలబడింది. అక్కడే యాంకర్ గొంతు తగ్గించి "ఊ" అన్నాడు. ఆ "ఊ" వంతు తీసుకోవడానికి కాదు, వింటున్నా కానీ అని చెప్పడానికి. "ఎవరూ ఫోన్ చెయ్యలా" అని వాక్యం ముగిసినచోట మాత్రం మళ్లీ ఊరుకున్నాడు. ఆ 0.8 సెకన్ల తర్వాతే అమ్మ ప్రస్తావన వచ్చింది.

సగంలో ఉన్న మాటకి ఊ కొట్టాడు. ముగిసిన మాటకి కొట్టలేదు. ఎపిసోడ్‌లో సరదాగా సాగిన భాగాల్లో సరిగ్గా దీనికి తిరగేసి ఉంది. అక్కడ ముగిసిన మాటకల్లా "వావ్", "ఓహో", నవ్వు. కథ అయిపోయిందని ముద్ర వేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతాడు.

న్యూస్ ఇంటర్వ్యూల్లో ప్రశ్నించేవాళ్లు "ఓహో", "ఊఁహూఁ" లాంటివి దాదాపు అనరని జాన్ హెరిటేజ్ 1985లో రాశాడు. ఆ మాటలు అసలు వింటున్నది టీవీ ముందున్నవాళ్లు కాబట్టి, వినే స్థానాన్ని వాళ్లకి వదిలేయడానికని ఆయన వివరణ. ఈ టాక్ షోలో యాంకర్ ఆ రెండు పద్ధతులూ వాడుతున్నాడు. సరదా కథకి తానే మొదటి శ్రోత అవుతాడు. బరువైన చోట పక్కకి తప్పుకుంటాడు.

అదే కథ, ఇంకో షోలో

ఇది ఒక్క చోటు చూసి చెప్పేస్తున్న మాట కాకూడదని, అదే నటి పాత ఇంటర్వ్యూ ఒకటి తీసి చూశాను. సంతకం పెట్టిన కథ అందులోనూ ఉంది. "విని, ఇంటికొచ్చి, నాన్నగారికి చెప్పి" అని అదే వరస, "చెప్పి" తర్వాత మౌనం కూడా అక్కడే. చాలాసార్లు చెప్పిన కథకి అలా మెరుగు వస్తుంది. అందులో తప్పేం లేదు, మంచి కథకులంతా అలాగే చెప్తారు.

ఆగిపోయిన సినిమా ప్రశ్న కూడా అందులో ఉంది. జవాబు "బాధే కదండీ, ఏ ఫీల్డ్‌లో అయినా అంతే". అక్కడి యాంకర్ వెంటనే "కరెక్ట్ కరెక్ట్" అన్నాడు, ఆ ప్రస్తావన అక్కడితో ముగిసింది. కారు లేదు, ఫోన్ లేదు. ప్రశ్న ఒకటే, మొదటి జవాబు కూడా దాదాపు ఒకటే. తేడా వచ్చింది ఆ తర్వాతి ఒక్క సెకనులో. రెండు షోల మధ్య ఏళ్లు గడిచాయి, ఆమె మనసు మారి ఉండొచ్చు, "అక్కా" అన్న పిలుపు పనిచేసి ఉండొచ్చు. మౌనం వల్లే మాట వచ్చిందని దీన్నిబట్టి చెప్పలేను. మాట వచ్చింది ఆ మౌనంలోకే అని మాత్రం గట్టిగా చెప్పగలను.

చెప్పకూడనివి

ఇంటర్వ్యూ క్లిప్పులు పెట్టి "ఇక్కడ కళ్లు పక్కకి తిప్పారు, అబద్ధం చెప్తున్నారు" అనే వీడియోలు చాలా వస్తున్నాయి. నా పనిని అలాంటి దానితో కలిపితే నాకు బాధేస్తుంది. 0.9 సెకన్ల మౌనం అబద్ధానికి గుర్తు కాదు. అది ఏ ప్రశ్న తర్వాత వచ్చింది, ఏ రూపం తర్వాత వచ్చింది, తర్వాతి మాట దాన్ని ఎలా అందుకుంది, ఇవే మనం చూపించగలం. గెస్ట్ మనసులో ఏముందో రాతప్రతిలో ఉండదు. వాళ్లిద్దరూ ఒకరి మాటని ఇంకొకరు ఎలా తీసుకున్నారో మాత్రం అందులో ఉంటుంది, అది నిజంగానే కనిపిస్తుంది కూడా.

ఈ అసలు చోటుని ఇదే పని చేసే ఇంకొకరికి నా గుర్తులేవీ చూపించకుండా ఇచ్చి రాయించాను. మౌనాల దగ్గర ఇద్దరి కొలతలూ బాగానే కలిశాయి. తేడా వచ్చింది ఆ చిన్న "ఊ" దగ్గర. నాకు అది దిగే స్వరంలా వినిపించింది, అవతలివాళ్లకి సమంగా ఉన్నట్టు వినిపించింది. ప్రాట్‌లో చూస్తే అంత మెల్లగా అన్నదానికి స్వరస్థాయి గీత సగం తెగిపోయి ఉంది, దాంతో ఏదీ తేలదు. రాతప్రతిలో స్వరం దిగిందని నేను పెట్టుకున్న బాణం గుర్తు తీసేసి చిన్న సున్నాలు మాత్రం ఉంచాను.

తర్వాత చేయాల్సింది

చూపుల కోసం కొత్త వరుస ఒకటి కావాలి. 1.2 సెకన్ల మౌనంలో యాంకర్ కార్డు వైపు చూసి ఉంటే గెస్ట్ బహుశా ఆగిపోయేది. ఆ సంగతి తేల్చాలంటే అతను కార్డు చూసిన చోట్లన్నీ తీసి, ప్రతిదాని తర్వాత ఎవరు మాట్లాడారో చూడాలి. కట్ లేని చోట్లు తక్కువ కాబట్టి ఇదే యాంకర్ చేసిన మరికొన్ని ఎపిసోడ్లు కూడా తీసుకుంటాను. ముగిసిన మాటకి ఊ కొట్టకపోవడం అతని అలవాటా, లేక ఈ ఒక్క గెస్ట్ దగ్గరే అలా జరిగిందా అన్నది అక్కడే తెలియాలి. ముందు షాట్ల వరుస పూర్తి చేసి, ఆ తర్వాతే మాటల వరుస ముట్టుకుంటాను.